ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్: పేరు ఒకటే.. లోపల డిపార్ట్‌మెంట్లు నాలుగు! అప్లై చేసే ముందు ఈ లెక్క తెలుసుకోండి

డీఎస్‌ఈ.. ఎకనామిక్స్ చదివే స్టూడెంట్స్‌లో ఈ పేరుకున్న క్రేజే వేరు. అమర్త్య సేన్ పాఠాలు చెప్పిన చోటు. మన్మోహన్ సింగ్ ప్రొఫెసర్‌గా పనిచేసిన చోటు. డిగ్రీ అయిపోగానే 'ఢిల్లీ స్కూల్‌లో సీటు కొట్టాలి' అనుకునేవాళ్లు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంటారు. కానీ అసలు డీఎస్‌ఈ అంటే ఏంటి? అదొక కాలేజీయా? యూనివర్సిటీయా? అందులో బీఏ ఉంటుందా? ఎంబీఏ కూడా ఉందంటారు, నిజమేనా? ఫారం నింపే టైమ్‌కి చాలామంది తడబడేది ఇక్కడే. ఈ చిక్కు విప్పాలంటే 75 ఏళ్లు దాటిన దాని కథ తెలుసుకోవాలి.

1949లో ఎందుకు పుట్టింది?

స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండేళ్లు. దేశం మొత్తం ఆదాయం ఎంత, తలసరి ఎంత, ఏ రంగం నుంచి ఎంత వస్తోంది.. ఇలాంటి ప్రశ్నలకు సర్కారు దగ్గర గట్టి లెక్కల్లేవు. లెక్క తెలియకుండా ప్రణాళిక వేయలేం కదా. అందుకే 1949లో కేంద్రం జాతీయ ఆదాయ కమిటీ వేసింది. దానికి ఛైర్మన్ పి.సి. మహలనోబిస్. సభ్యులు డి.ఆర్. గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు.

ఈ వి.కె.ఆర్.వి. రావే డీఎస్‌ఈ వ్యవస్థాపకుడు. 1908లో కాంచీపురంలో పుట్టారు. కేంబ్రిడ్జిలో భారతదేశ జాతీయ ఆదాయం మీదే పరిశోధన చేశారు. ఆర్థిక శాస్త్రాన్ని పుస్తకాలకే పరిమితం చేయకుండా, దేశం లెక్కలు తేల్చగలిగే మనుషుల్ని తయారుచేసే చోటు ఒకటి ఉండాలన్నది ఆయన పట్టుదల. ప్రధాని నెహ్రూ మద్దతు కూడా దొరికింది. అలా జాతీయ ఆదాయ కమిటీ ఏర్పడిన 1949లోనే ఢిల్లీ యూనివర్సిటీలో డీఎస్‌ఈ మొదలైంది. మరుసటి ఏడాది ప్రణాళికా సంఘం వచ్చింది. 1951లో తొలి పంచవర్ష ప్రణాళిక. ఆ ప్రణాళిక రచనలో పాలుపంచుకున్న కె.ఎన్. రాజ్ ఆ తర్వాత ఇక్కడే ప్రొఫెసర్ అయ్యారు.

డీఎస్‌ఈ లైబ్రరీ పేరు రతన్ టాటా లైబ్రరీ. ఈ పేరు వినగానే మనందరికీ గుర్తొచ్చే రతన్ టాటా వేరు. 1949లో ఆయనకు ఇంకా పన్నెండేళ్లు కూడా నిండలేదు! ఇది జంషెడ్‌జీ టాటా కుమారుడు సర్ రతన్ టాటా పేరు.

ఒక్కో కొమ్మ ఎలా వచ్చిందంటే..

మొదట్లో అంతా ఎకనామిక్సే. తర్వాత అవసరాన్ని బట్టి ఒక్కో కొమ్మ వేసింది.

1954: మేనేజ్‌మెంట్. ఇప్పుడు దేశంలో టాప్ బీ-స్కూల్స్‌లో ఒకటిగా చెప్పుకునే ఎఫ్‌ఎంఎస్, అంటే ఫ్యాకల్టీ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్, డీఎస్‌ఈ గొడుగు కిందే పుట్టింది. తర్వాత విడిగా వెళ్లిపోయింది. 1967లో ఫుల్‌టైమ్ ఎంబీఏ మొదలుపెట్టింది.

1959: సోషియాలజీ, జాగ్రఫీ. సోషియాలజీ విభాగాన్ని మొదలుపెట్టింది ఎం.ఎన్. శ్రీనివాస్. కులం, గ్రామం మీద ఆయన చేసిన పని లేకుండా మన దగ్గర సామాజిక శాస్త్రం సిలబస్సే ఉండదు. మార్కెట్‌ని అర్థం చేసుకోవాలంటే మనుషుల్ని, ఊళ్లని, నేలని కూడా చదవాలన్నది ఇక్కడి ఆలోచన.

1967: కామర్స్. అంతవరకూ ఎకనామిక్స్‌తో కలిసి ఉన్న కామర్స్ సొంత విభాగంగా విడిపోయింది. అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, కంపెనీ చట్టం.. వీటికి వేరే టీచర్లు, వేరే సిలబస్ కావాల్సి వచ్చింది. ఇల్లు మాత్రం మారలేదు. ఇప్పటికీ అది డీఎస్‌ఈలోనే ఉంది.

అంటే ఈరోజు డీఎస్‌ఈలో ఉన్న విభాగాలు నాలుగు: ఎకనామిక్స్, కామర్స్, సోషియాలజీ, జాగ్రఫీ.

'ఫ్యాకల్టీ' అంటే సారు కాదు!

ఇక్కడే అసలు కన్ఫ్యూజన్. మన దగ్గర 'ఫ్యాకల్టీ' అంటే పాఠం చెప్పే సారో, మేడమో. 'ఫ్యాకల్టీ బాగుంటారా?' అని అడిగేది కూడా అందుకే. యూనివర్సిటీ చట్టం భాషలో మాత్రం ఫ్యాకల్టీ అంటే కొన్ని డిపార్ట్‌మెంట్ల గుంపు. దాని పెద్ద డీన్. ఒక్కో డిపార్ట్‌మెంట్‌కి ఒక హెడ్.

ఆ లెక్కన చూస్తే డీఎస్‌ఈలోని నాలుగు విభాగాలు ఒకే ఫ్యాకల్టీ కింద లేవు. ఎకనామిక్స్, సోషియాలజీ, జాగ్రఫీ వెళ్లేది సోషల్ సైన్సెస్ ఫ్యాకల్టీ కిందికి. కామర్స్ మాత్రం కామర్స్ అండ్ బిజినెస్ స్టడీస్ ఫ్యాకల్టీలోకి వస్తుంది. మేనేజ్‌మెంట్‌ది పూర్తిగా వేరే ఫ్యాకల్టీ. ఇవి చాలవన్నట్టు సౌత్ క్యాంపస్‌లో ఫైనాన్స్ అండ్ బిజినెస్ ఎకనామిక్స్ అని ఇంకో డిపార్ట్‌మెంట్ ఉంది. పేరులో ఎకనామిక్స్ ఉన్నా అది డీఎస్‌ఈ కాదు!

సింపుల్‌గా చెప్పాలంటే, డీఎస్‌ఈ అనేది ఒక ఉమ్మడి ఇల్లు లాంటిది. ఇంటి పేరు ఒకటే. రేషన్ కార్డులు వేరు.

సిలబస్ ఎవరు మారుస్తారు?

ఏదైనా కోర్సులో ఒక పేపర్ మార్చాలంటే ముందు డిపార్ట్‌మెంట్‌లోని కమిటీ ఆఫ్ కోర్సెస్ కూర్చుని ముసాయిదా తయారుచేస్తుంది. అది ఫ్యాకల్టీకి వెళ్తుంది. అక్కణ్నుంచి అకడమిక్ కౌన్సిల్‌కి, ఆపైన ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కి. ఒక్క హెడ్ తలుచుకుంటే రాత్రికి రాత్రి మారిపోయేది కాదు. దీనివల్ల ఆలస్యం అవుతుంది, నిజమే. కానీ ఏ ఒక్కరి ఇష్టం మీదా కోర్సు నడవదు.

ఈ పద్ధతి విలువ తెలియాలంటే 1971 దగ్గరికి వెళ్లాలి. 1963 నుంచి ఇక్కడ ఉన్న అమర్త్య సేన్ ఆ ఏడాది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి వెళ్లారు. 1969లో వచ్చిన మన్మోహన్ సింగ్ అదే ఏడాది వాణిజ్య శాఖలో ఆర్థిక సలహాదారుగా చేరారు. ఇంచుమించు అదే టైమ్‌లో కె.ఎన్. రాజ్ తిరువనంతపురంలో కొత్త పరిశోధన సంస్థను నిలబెట్టడానికి వెళ్లిపోయారు. ఇంత పెద్దవాళ్లు ఒకేసారి వెళ్లిపోతే చాలా చోట్ల తాళం పడేది. డీఎస్‌ఈ ఆగలేదు. లైబ్రరీ ఉంది, సిలబస్ ఉంది, పరీక్ష పద్ధతి ఉంది, కొత్తగా వచ్చే టీచర్లున్నారు. కౌశిక్ బసు లాంటి తర్వాతి తరం అలా వచ్చిందే. ఆయన 1992లో ఇక్కడే సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ ఎకనామిక్స్ మొదలుపెట్టారు. తర్వాత ప్రపంచ బ్యాంకు చీఫ్ ఎకనామిస్ట్ అయ్యారు.

మన ఊళ్లకేంటి సంబంధం?

చాలానే ఉంది. 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని కాగానే ఆర్థిక మంత్రిగా తెచ్చుకున్నది ఈ డీఎస్‌ఈ మాజీ ప్రొఫెసర్‌నే. జులై 24 నాటి ఆ బడ్జెట్ గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించిందీ మన్మోహన్ సింగే, అప్పుడు ప్రధాని హోదాలో. ఆ చట్టం తొలి ముసాయిదా తయారీలో కీలకంగా పనిచేసిన జాన్ డ్రెజ్ కూడా డీఎస్‌ఈలో పాఠాలు చెప్పినవారే. ఒకాయన మార్కెట్లు తెరిచారు, ఇంకొకాయన పనికి హామీ కోసం పోరాడారు. ఇద్దరికీ చోటిచ్చిన ఇల్లు అది.

ఇక మన యూనివర్సిటీల విషయానికొస్తే, విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీ 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. అక్కడ ఎకనామిక్స్, కామర్స్ అండ్ మేనేజ్‌మెంట్ విభాగాలు రెండూ ఆర్ట్స్ అండ్ కామర్స్ కాలేజీలోనే ఉంటాయి. ఢిల్లీ లెక్క వేరు కాబట్టే మనవాళ్లు తికమకపడేది.

అప్లై చేసేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి

* డీఎస్‌ఈలో బీఏ ఎకనామిక్స్, బీకామ్ క్లాసులు ఉండవు. అవి ఎస్‌ఆర్‌సీసీ, హిందూ, మిరాండా హౌస్ లాంటి కాలేజీల్లో జరుగుతాయి. ఇంటర్ తర్వాత వెళ్లాలనుకుంటే అప్లై చేయాల్సింది కాలేజీలకే. 2022 నుంచి వీటికి సీయూఈటీ ఎంట్రన్స్.

* ఎంఏ ఎకనామిక్స్, ఎంకామ్ రెండూ డీఎస్‌ఈలోనే, కానీ వేర్వేరు డిపార్ట్‌మెంట్లు. 2023 నుంచి సీయూఈటీ పీజీ ద్వారా సీట్లిస్తున్నారు. రెండింటికీ పేపర్ కోడ్ వేరు.

* ఎంబీఏ అయితే రెండు దారులు. డీఎస్‌ఈలోని కామర్స్ విభాగంలో ఇంటర్నేషనల్ బిజినెస్, హ్యూమన్ రిసోర్స్ డెవలప్‌మెంట్ కోర్సులున్నాయి. ఎఫ్‌ఎంఎస్ ఎంబీఏ వేరు. రెండింటికీ క్యాట్ స్కోర్ కావాలి, అప్లికేషన్లు మాత్రం విడివిడిగా పెట్టాలి.

* రూల్స్ ఏటా కొద్దిగా మారుతుంటాయి. ఆ ఏడాది నోటిఫికేషన్ చూడకుండా సీనియర్లు చెప్పారనో, వాట్సాప్‌లో వచ్చిందనో ఫీజు కట్టేయకండి.

డీఎస్‌ఈ పేరు చూసి ఫారం నింపొద్దు. డిపార్ట్‌మెంట్ ఏది, ఫ్యాకల్టీ ఏది, డిగ్రీ మీద ఏం రాసి ఇస్తారు.. ఈ మూడూ చూసుకున్నాకే సబ్మిట్ నొక్కండి. పేరులో 'ఎకనామిక్స్' కనిపించగానే తప్పు బాక్స్‌లో టిక్ పెడితే మాత్రం నష్టం ఒక అప్లికేషన్ ఫీజుతో పోదు, ఒక ఏడాది పోతుంది.