తూకంలో కనపడని మేత

కొల్లేరు చుట్టుపక్కల ఏ చేపల చెరువు గట్టెక్కినా పొద్దున పూట ముందు కంటపడేవి సంచులే. చెరువుకి అడ్డంగా లాగి కట్టిన తాళ్ళకి ఖాళీ యూరియా సంచులు వరసగా వేలాడుతుంటాయి. వాటి అడుగున చిన్న చిన్న చిల్లులు. పడవలో వచ్చిన మనిషి ఒక్కో సంచిలో తవుడు, చెక్క కలిపిన మేత పోసి నీళ్ళలోకి దించుతాడు. కాసేపటికి సంచి చుట్టూ నీళ్ళు కదలడం మొదలవుతుంది. శీలావతులు చిల్లుల దగ్గర మూతి ఆనించి, మేతని కొంచెం కొంచెంగా లాక్కుని తింటాయి. రెండు మూడు గంటలాగి అదే మనిషి వచ్చి సంచి పైకెత్తి చెయ్యి పెట్టి చూస్తాడు. ఊడ్చుకుపోయి ఉంటే మర్నాడు కాస్త పెంచుతారు, అడుగున ముద్ద మిగిలితే తగ్గిస్తారు. ఈ సంచి మేత ఇక్కడి రైతులు తమ అనుభవంతో తామే కనిపెట్టుకున్న పద్ధతి. దాన్ని చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

నేను కైకలూరు దగ్గర చెరువులున్న ఇంట్లో పుట్టాను. ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదువుకుని, రైతులకి మేత విషయంలో సలహాలివ్వడమే పనిగా పెట్టుకున్నాను. నన్నడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఏమ్మా, ఏం పెడితే తొందరగా కేజీ పడుద్ది?" లీజు కట్టాలి, మేతకి తెచ్చిన అప్పు తీర్చాలి కాబట్టి అలా అడగడంలో తప్పేం లేదు. కానీ రెండో ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ అడగరు: ఏం పెడితే ఆ కేజీ చేప తినడానికి బాగుంటుంది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు అన్నిసార్లూ ఒకటే కాదు. ఆ సంగతి చెరువు ఉన్నవాళ్ళకే కాదు, చేప కొని వండుకునేవాళ్ళకీ తెలియాలి.

శీలావతికి దవడల్లో పళ్ళుండవు, లోపల జీర్ణాశయం ఉండదు. గొంతులో ఉండే పళ్ళతో మేతని నలిపి నేరుగా పేగులోకి పంపిస్తుంది. బొచ్చె, మోసు కూడా ఇదే కుటుంబం, వాటిదీ ఇదే తీరు. తిన్నది నిలవ పెట్టుకోవడానికి చోటు లేదు గనక ఒక్కపూట నిండా మేసి ఊరుకునే చేప కాదిది. రోజంతా కొద్దికొద్దిగా తింటూ ఉండాలి. చిల్లుల సంచి దానికి సరిగ్గా సరిపోయింది అందుకే. జీర్ణాశయం లేదంటే ఆమ్లమూ లేదు, అక్కడ ఇంకో చిక్కుంది. తవుడులోనూ చెక్కలోనూ భాస్వరం బాగానే ఉంటుంది, కానీ అందులో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని ఈ చేప విడదీసుకోలేదు. ఒంటికి పట్టని భాస్వరం మలంతో పాటు చెరువులోకే పోతుంది. అక్కడ అది చేసే పని ఏమిటో కాసేపట్లో చెబుతాను.

మా దగ్గర మేతలో ముప్పాతిక వంతు డీఓబీ, అంటే నూనె తీసిన తవుడు. మిగతాది వేరుశనగ చెక్క, పత్తి చెక్క లాంటివి. డీఓబీలో మాంసకృత్తులు 15 శాతం దగ్గర ఉంటాయి, నూనె బాగా తీసిన వేరుశనగ చెక్కలో 45 శాతం దాకా. ఈ పాళ్ళలో కలిపితే మొత్తం మీద 22 శాతం తేలుతుంది. పెరిగే వయసు శీలావతికి కావలసింది 30 శాతం దాకా. ఆ లోటుని చెరువే పూడుస్తుంది. పేడ, కోళ్ళ ఎరువు, సూపర్ ఫాస్ఫేటు వేసి నీటిని పచ్చగా ఉంచితే ప్లవకాలనే సన్నటి నీటి జీవాలు పుడతాయి. పై నీళ్ళలో బొచ్చె, మధ్యలో శీలావతి, అడుగున మోసు, దేని వాటా అది తింటుంది. తవుడులో దొరకని మంచి కొవ్వులూ విటమిన్లూ వాటికి ఈ ప్లవకాల నుంచే వస్తాయి. చెరువులో చేపల సంఖ్య పెంచుకుంటూ పోయేకొద్దీ ఒక్కో చేపకి అందే ప్లవకం తగ్గిపోతుంది. అప్పుడు సంచిలో ఉన్నదే గతి.

మాంసకృత్తుల శాతం ఒక్కటే చూసినా చాలదు. వేరుశనగ చెక్కలో లైసీన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ. పత్తి చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది, అందుకే దాన్ని హద్దులో వాడాలి. వానాకాలంలో గోదాములో చెమ్మ తగిలి చెక్కకి బూజు పట్టిందంటే అఫ్లటాక్సిన్ తయారై చేప కాలేయాన్ని తినేస్తుంది. భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలో ఉన్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, ఎంపిక పద్ధతిలో పెంచి, వేగంగా పెరిగే జయంతి రోహు అనే శీలావతి రకాన్ని 1997లో మనకిచ్చింది. అంత మంచి పిల్లని తెచ్చి వదిలినా మేతలో లైసీన్ చాలకపోతే ఆ వేగం బయటికి రాదు.

పెరుగుదలకి సంబంధించి మా రైతులు పట్టుకున్న ఇంకో కిటుకు జీరో పిల్ల. ఇవతలి ఊళ్ళలో ఈ మాట తెలియనివాళ్ళుండరు. చేపపిల్లల్ని చిన్న చెరువులో కిక్కిరిసేలా వదిలి, అరకొర మేతతో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఆపి ఉంచుతారు. వయసు వస్తుంది, ఒళ్ళు రాదు. తర్వాత వాటిని పెద్ద చెరువులోకి మార్చి కడుపునిండా మేత పెడితే, ఆగిపోయిన పెరుగుదలంతా ఒక్కసారిగా అందుకుంటాయి. బయటి పుస్తకాల్లో దీన్ని పరిహార వృద్ధి అంటారు. ఇలాంటి పిల్ల గట్టిపడి ఉంటుంది గనక చావులూ తక్కువ, ఏడాది తిరక్కుండానే అమ్మకం సైజుకి వస్తుంది.

ఈమధ్య పొడి మేత పక్కన పెట్టి తేలే గుళికల మేతకి మారుతున్నవాళ్ళు పెరిగారు. కిలో చేప పెరగడానికి డీఓబీ మేత మూడు నాలుగు కిలోలు పడుతుంది. మంచి గుళిక అయితే కిలోన్నర దగ్గర సరిపోతుంది. గుళిక ధర ఎక్కువన్నది నిజమే, కానీ తేలుతుంది గనక చేప తిన్నదీ లేనిదీ కంటికి కనపడుతుంది, నీళ్ళలో కలిసిపోయేది తక్కువ. పంగాసియస్ అనే చేపని పెంచే చెరువులైతే దాదాపు గుళికల మీదే నడుస్తున్నాయి.

ఇక కోసి చూద్దాం. పట్టుబడి రోజున ఒకటి రెండు చేపల్ని అడిగి తీసుకుని గట్టు మీదే కోయడం నాకలవాటు. కింద మలద్వారం నుంచి మొప్పల దాకా చీల్చి పొట్టగోడ పక్కకి తప్పిస్తే ముందు పేగు కనిపిస్తుంది. ఒంటి పొడవుకి ఎన్నో రెట్లున్న సన్నటి పేగు, చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఆరోగ్యంగా పెరిగిన చేపలో ఆ చుట్టలు విడివిడిగా తెలుస్తాయి, కాలేయం ముదురు ఎరుపు మీద ఉంటుంది. పిండి పదార్థం ఎక్కువై మాంసకృత్తులు తక్కువైన మేతతో బరువెక్కించిన చేపలో పేగు చుట్టల మధ్యంతా తెల్లటి మెత్తటి కొవ్వు పేరుకుని ఉంటుంది. కాలేయం పాలిపోయి, వేలితో నొక్కితే చితికిపోతుంది. బయట నుంచి చూస్తే రెండూ నిగనిగలాడే చేపలే, రెండూ కేజీన్నర తూగుతాయి.

ఒకసారి అలా కోసిన చేపని ఆ చెరువు పెద్దాయనకి చూపించాను.

"లావుగా బానే ఉంది గదమ్మా," అన్నారాయన.

"ఈ కొవ్వు చూడండి బాబాయ్ గారూ. పులుసులోకి వచ్చేది కాదిది, కోసేవాడు తీసి పారేసేదే. మీ మేత డబ్బులే ఇవి."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగారు. "మరి తూకంలో తియ్యరు గదా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. వ్యాపారి పొట్టతో సహా తూచి డబ్బు కడతాడు. కాబట్టి రైతు పొట్టతో సహా పెంచుతాడు. తీసి పారేసే కొవ్వుకి డబ్బు పెట్టేది ఆఖరికి వంటింట్లో ఉన్న మనిషే.

కొవ్వు ఎంత ఉందన్నది ఒక సంగతైతే, ఎలాంటి కొవ్వన్నది ఇంకోటి. చేప తింటే ఒమేగా-3 అందుతుందని డాక్టర్లు చెబుతారు. ఆ ఒమేగా-3కి మూలం నీటిలోని సూక్ష్మ నాచు, దాన్ని మేసిన ప్లవకాలు. డీఓబీలో కొవ్వు 1 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. అది తిన్న చేప పిండి పదార్థం నుంచి కొవ్వు తయారుచేసుకుంటుంది, అలా తయారయ్యే కొవ్వులో ఒమేగా-3 ఉండదు. పచ్చటి చెరువులో ప్లవకం దండిగా మేసిన శీలావతికీ, కేవలం సంచి మీద బతికిన శీలావతికీ ఇక్కడే తేడా వస్తుంది. మేతలో అవిసె నూనె లాంటిది కలిపితే ఈ జాతి చేపలు దానిలోని ఒమేగా-3లో కొంత భాగాన్ని మనకి కావలసిన పొడవాటి రూపంలోకి మార్చుకోగలవు. పెంపకం పొడుగునా కలపనక్కర్లేదు, పట్టుబడికి ముందు రెండు మూడు నెలలు మార్చినా కండలోని కొవ్వు స్వభావం మారుతుంది.

ఆ ఆఖరి నెలల బలం చూడాలంటే చైనా వెళ్ళాలి. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని జాంగ్‌షాన్‌లో బాగా ఎదిగిన గడ్డి చేపలకి మామూలు మేత ఆపేసి, మూడు నాలుగు నెలల పాటు నానబెట్టిన ఫావా చిక్కుడు గింజలు మాత్రమే పెడతారు. చేప పెరుగుదల మందగిస్తుంది. కానీ కండ బిగిసి, కొరికితే కరకరలాడేలా తయారవుతుంది. ఎంతసేపు ఉడికించినా ముక్క చెదరదు. చేప అదే, నీళ్ళూ అవే, మారింది మేత ఒక్కటే. పెరుగుదల తగ్గినా వాళ్ళు నష్టపోరు, ఎందుకంటే అక్కడ ఆ కండకి వేరే ధర ఉంది. మా దగ్గర సరిగ్గా అవే నెలల్లో బరువు కోసం సంచులు పెంచుతారు. దీన్ని మార్చుకోగలమని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు ఆ భాస్వరం దగ్గరికి వద్దాం. చేపకి పట్టని భాస్వరం, తినకుండా మిగిలిన మేత, మలంలోని నత్రజని అన్నీ నీటిలో పోగుపడతాయి. మేతలో ఉన్న నత్రజనిలో ఎక్కువ భాగం చేప ఒంటికి కాక నీటికే చేరుతుంది. ఆ ఎరువుతో నీలి ఆకుపచ్చ నాచు విపరీతంగా పెరుగుతుంది. ఆ నాచులో కొన్ని రకాలు జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. తొలకరి వానకి మట్టి నుంచి వచ్చే వాసన కూడా ఇదే పదార్థానిది. మట్టిలో ఇష్టపడే ఆ వాసనని పళ్ళెంలో ఎవరూ భరించలేరు. లీటరు నీటిలో గ్రాములో పది కోట్లవ వంతు ఉన్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. చేప మొప్పల ద్వారా అది గంటల్లో లోపలికి వెళ్ళి కొవ్వులో దాక్కుంటుంది. బయటికి పోవడానికి మాత్రం రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కొవ్వెక్కిన చేపలో ఇంకా మొండికేస్తుంది. చెరువు చేప బురద వాసన వేస్తుందని జనం అంటారు గానీ చాలాసార్లు దోషం బురదది కాదు, ఎక్కువైన మేతది.

మన వంటలో దీనికి సగం విరుగుడు ముందునుంచే ఉంది. జియోస్మిన్‌కి పులుపు తగిలితే వాసన లేని పదార్థంగా విడిపోతుంది. ముక్కలకి ఉప్పు, నిమ్మరసం పట్టించి కడగడం, చిక్కటి చింతపండు పులుసులో ఉడికించడం రుచి కోసమే కాదు. అసలు విరుగుడు మాత్రం రైతు చేతిలో ఉంది. పట్టిన చేపల్ని శుభ్రమైన పారే నీటిలో కొన్ని రోజులు మేత లేకుండా ఉంచితే వాసన వదులుతుంది. బరువు కాస్త తగ్గుతుంది. తూకానికే డబ్బులిచ్చే బజారులో ఆ పని ఎవరు చేస్తారు?

మేత కండ రంగుని కూడా మారుస్తుంది. పంగాసియస్ కొనేవాళ్ళు తెల్లటి కండ కావాలంటారు. పసుపు మొక్కజొన్న ఎక్కువగా ఉన్న మేత పెట్టినా, పాత నీళ్ళలో నాచు పెరిగినా ఆ రంగు కండలోకి దిగి పసుపు తిరుగుతుంది. తింటే ప్రమాదమేం లేదు, ధరే పడిపోతుంది.

మేత పెట్టని రోజు కూడా మేత లెక్కలోదే. మా చేప ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న హావ్‌డాకి, అక్కణ్ణుంచి అస్సాం దాకా పోతుంది. నిండు కడుపుతో పట్టిన చేపలో పేగులోని రసాలు చచ్చాక కూడా పని చేస్తూనే ఉంటాయి. దారిలోనే పొట్ట మెత్తబడి చిట్లిపోతుంది. పట్టుబడికి ముందు ఒక రోజు మేత ఆపితే పేగు ఖాళీ అవుతుంది, వల లాగేటప్పుడు చేపకి ఆక్సిజన్ అవసరమూ తగ్గుతుంది, కండ ఎక్కువసేపు నిలుస్తుంది. ఒక్క రోజు మేత ఖర్చు మిగిలి, సరుకు బాగుండే ఈ పనిని కూడా తూకం తగ్గుతుందన్న భయంతో మానేసేవాళ్ళున్నారు.

ఈసారి బజారులో చేప కోయించేటప్పుడు ముక్కలు సంచిలో పడేదాకా పక్కకి చూడకండి. పొట్ట చీల్చినప్పుడు పేగు ఖాళీగా ఉందా, మేతతో ఉబ్బి ఉందా చూడండి. చుట్టల మధ్య తెల్లకొవ్వు ఎంతుందో, కాలేయం రంగేమిటో చూడండి. పొట్ట లోపలి గోడ గట్టిగా ఉండాలి, పక్కటెముకలు కండ నుంచి ఊడి బయటికి పొడుచుకు రాకూడదు. వాసన మొప్పల దగ్గర కాదు, కోసిన పొట్ట దగ్గర చూడండి. నచ్చకపోతే ఆ మాట కోసేవాడితో కాక అమ్మేవాడితో అనండి, ఏ చెరువు చేపో అడగండి. అతను వ్యాపారిని అడుగుతాడు, వ్యాపారి మమ్మల్ని అడుగుతాడు. మా గట్టు మీదికి ఆ ప్రశ్న ఇంతవరకూ రాలేదు.