గ్రీనిచ్ గీత ఒకచోట, జీపీఎస్ సున్నా మరోచోట

లండన్‌లోని గ్రీనిచ్ అబ్జర్వేటరీ ఆవరణలో నేల మీద పొడవైన లోహపు గీత ఒకటి కనిపిస్తుంది. సున్నా డిగ్రీల రేఖాంశానికి అది గుర్తు. సందర్శకులు దానికి చెరోవైపు ఒక్కో కాలు పెట్టి ఫొటోలు దిగుతుంటారు. అయితే అక్కడే నిలబడి ఫోన్‌లో జీపీఎస్ చూస్తే సున్నా రాదు. సుమారు 5.3 సెకన్ల పశ్చిమ రేఖాంశం అని చూపిస్తుంది. డిగ్రీలో 3600వ వంతును సెకను అంటారు. జీపీఎస్‌లో సున్నా కనిపించాలంటే అక్కడి నుంచి తూర్పుకు 102 మీటర్లు నడవాలి.

ఖండాల కదలిక వల్ల ఈ తేడా వచ్చిందని చాలామంది అనుకుంటారు. కానీ యూరప్ ఏడాదికి రెండు మూడు సెంటీమీటర్లే జరుగుతుంది. ఆ లెక్కన 1884లో ఈ రేఖను ప్రపంచం అంగీకరించిన నాటి నుంచి నేటి వరకు జరిగింది నాలుగు మీటర్లకు మించదు. మరి మిగతా దూరం ఎక్కడిది?

అసలు కారణం గురుత్వాకర్షణ. జార్జ్ ఎయిరీ నెలకొల్పిన టెలిస్కోపుతో 1851 నుంచి నక్షత్రాలను పరిశీలించి ఈ రేఖను నిర్ణయించారు. టెలిస్కోపు నిట్టనిలువుగా ఉందో లేదో పాదరసం నింపిన పళ్లెం సాయంతో సరిచూసేవారు. పాదరసం ఉపరితలమైనా, మేస్త్రీ దారానికి కట్టి వేలాడదీసే గుండైనా స్థానిక గురుత్వాకర్షణనే అనుసరిస్తాయి. భూమి లోపల బరువు అంతటా ఒకేలా లేదు కాబట్టి ఆ దారం కొద్దిగా పక్కకు ఒరుగుతుంది. ఉపగ్రహాలు మాత్రం భూమి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. జీపీఎస్ లెక్కలకు ఆ కేంద్రమే మూలం. 2015లో స్టీఫెన్ మాలిస్ బృందం 'జర్నల్ ఆఫ్ జియోడెసీ'లో ఈ విషయాన్ని వివరించింది.

1984లో ఉపగ్రహ యుగపు కొలతలకు మారినప్పుడు ప్రపంచ కాలగణనకు అంతరాయం కలగకుండా ఆకాశంలో పాత రేఖ దిశనే కొనసాగించారు. అదే దిశలో భూకేంద్రం గుండా గీసిన తలం నేలను తాకే చోటు మాత్రం 102 మీటర్లు తూర్పున పడింది. కాలం మారలేదు, నేల మీది గీతే వెనకబడింది.

ఇలాంటి చిక్కే భారతదేశంలోనూ ఎదురైంది. 19వ శతాబ్దపు మహా త్రికోణమితి సర్వేలో ఉత్తరాన కలియానా, మధ్య భారతంలో కలియన్‌పూర్ కేంద్రాల మధ్య అక్షాంశాల తేడాను నేల మీద కొలిచి ఒకసారి, నక్షత్రాలను చూసి మరోసారి లెక్కగట్టారు. రెండింటికీ సుమారు 5.2 సెకన్ల తేడా వచ్చింది. హిమాలయాలు గుండును లాగుతున్నాయని కలకత్తాలోని జాన్ ప్రాట్ లెక్కగడితే తేడా అంతకు మూడు రెట్లు ఉండాలని తేలింది. పర్వతాల అడుగున తేలికైన పదార్థం లోతుగా దిగి ఉండటమే ఇందుకు కారణమని 1855లో వివరించింది ఎవరో కాదు, ఆ జార్జ్ ఎయిరీయే.

ఇది పాత చరిత్ర మాత్రమే కాదు. భారత సర్వే విభాగం పాత టోపోషీట్లు ఎవరెస్ట్ పేరిట ఉన్న భూమి నమూనాపై తయారయ్యాయి. జీపీఎస్ రీడింగును మార్చకుండా నేరుగా వాటి మీద గుర్తిస్తే బావి, సరిహద్దు రాయి వంటివి వంద మీటర్లకు పైగా పక్కకు పడవచ్చు. అంకెలు ఏ నమూనా ప్రకారం కొలిచినవో చూసుకున్నాకే మ్యాపు మీద చుక్క పెట్టాలి.