అమ్మ పెళ్లి తేదీ

మారుతండ్రి ప్రేమ మీద గుండె తడిపే ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్‌గారు, అదీ గురువారంలోగా. ప్రేమ సంగతి అలా ఉంచి, నన్ను పట్టుకుని వదలనిది అమెరికా వలస చట్టంలోని ఒక నిబంధన. అమెరికా పౌరుడు తన భార్య మొదటి పెళ్లి బిడ్డకు గ్రీన్‌కార్డు కోసం ఐ-130 పిటిషన్ వేయొచ్చు. దత్తత అక్కర్లేదు. బిడ్డకు 18 నిండకముందే ఈ పెళ్లి జరిగి ఉంటే చాలు.

తిరకాసంతా అక్కడే. 2006 జులై 20న పుట్టిన అమ్మాయి ఉందనుకుందాం. వాళ్లమ్మకు 2024లో డాలస్ సంబంధం కుదిరింది. ఈలోగా ఆషాఢం వచ్చిపడింది. శ్రావణంలో ముహూర్తం పెట్టుకుందామంది అమ్మమ్మ. శ్రావణం మొదలైంది ఆగస్టు 5న. అప్పటికి పిల్లకు 18 నిండి పదహారు రోజులు. తల్లికి ఆయన భర్తే. కూతురికి మాత్రం చట్టం లెక్కలో ఏమీ కాడు. పోనీ, ఆషాఢంలోనే రిజిస్ట్రార్ దగ్గర కానిచ్చేద్దామంటే ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల ముందే నోటీసు ఇవ్వాలి. నన్నడిగితే, శూన్యమాసమైనా సరే గుళ్లో తాళి కట్టించేసేవాణ్ని. తల్లి గ్రీన్‌కార్డు వచ్చాక కూతురికి తనే వేసుకోవచ్చు, కానీ అది క్యూలో నిలబడే వర్గం.

హెచ్-1బీకి అలవాటుపడ్డ మనవాళ్లు ఇంకోచోట బోల్తాపడతారు. తల్లి ఫైల్లో పిల్లలూ వచ్చేస్తారనుకుంటారు. స్పాన్సర్ పౌరుడైతే రారు; బిడ్డబిడ్డకీ వేరే ఐ-130 వేయాలి. అదే గ్రీన్‌కార్డుదారుడు భార్యకు వేస్తే పిల్లలు ఆమె వెంటే రావచ్చు. పౌరసత్వం తెచ్చుకున్నవాడికే కాగితాలు ఎక్కువన్నమాట!

చరిత్ర క్లుప్తంగా: 18 ఏళ్ల షరతు 1952 చట్టంలోనిది. పౌరుడు పిటిషన్ వేసిన రోజు వయసే లెక్క అన్న వెసులుబాటు 2002లో వచ్చింది. ఆ రోజుకు బిడ్డకు 21 నిండకూడదు, పెళ్లి కాకూడదు.

మన దగ్గర 2022లో సుప్రీంకోర్టు, ఒక తెలుగు కుటుంబం కేసులో, తల్లి రెండో భర్తను రికార్డుల్లో సవతి తండ్రిగా చూపాలన్న హైకోర్టు ఆదేశం దాదాపు క్రూరమని తప్పుపట్టింది. సబబే. ఐ-130లో మాత్రం ఆ బంధమే అర్హత, దాచుకుంటే పని జరగదు. తల్లి పేరున్న జనన ధ్రువపత్రం, కొత్త పెళ్లి సర్టిఫికెట్, పాత పెళ్లి ముగిసిందనడానికి విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువపత్రం జతచేయాలి. బిడ్డంటే ఆయనకెంత ఇష్టమో రాయడానికి గడి లేదు.

బాక్స్: ఐ-864 సంతకం

స్పాన్సర్ ఆదాయం సాధారణంగా పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. బిడ్డను పోషిస్తానంటూ ఐ-864లో ఆయన ఇచ్చే హామీ బిడ్డ పౌరుడయ్యేదాకానో, 40 త్రైమాసికాల పని లెక్కకొచ్చేదాకానో, అమెరికా నివాసం శాశ్వతంగా వదిలేసేదాకానో, ఇద్దరిలో ఒకరు కన్నుమూసేదాకానో నడుస్తుంది. తల్లితో విడాకులైనా రద్దు కాదు.