గడ్డివాము నుండి గడ్డికట్టకు

తెలుగునాట ఎండుమేత యనగానే వరిగడ్డి జ్ఞాపకము వచ్చును. ధాన్యము రాల్చిన పిమ్మట మిగిలిన గడ్డిని రైతు వామువేసి పశువులకు పెట్టును. ఐరోపా, ఉత్తర అమెరికాలందలి శీతల ప్రాంతములలో పద్ధతి వేరు. అచ్చట శీతకాలమున నేలను మంచు కప్పివేయును. నెలల తరబడి పచ్చిక దొరకదు. కావున మేతకొరకే గడ్డి పెంచి, వేసవిలో పచ్చిగా నున్నప్పుడే కోసి, ఎండబెట్టి దాచుకొందురు. ఆ కొలది దినముల పని చెడినచో శీతకాలమున పశువులకు పస్తే.

పచ్చిగడ్డిలో నూటికి 75 పాళ్ళ వరకు నీరుండును. అది 20 పాళ్ళకు దిగినగాని దాచుటకు వీలులేదు. ఎండుచున్న గడ్డిపై వాన కురిసినచో సారము పోవును. తేమ యారకమునుపే కుప్పవేసినచో అపాయము మరింత పెద్దది: సూక్ష్మజీవులు పెరిగి లోపల వేడి పుట్టించును, ఆ వేడి హెచ్చి, నిప్పు తగులకయే కుప్ప అంటుకొనును.

పూర్వము పొడవాటి పిడిగల కొడవండ్లతో గడ్డికోసి, తిరుగవేసి ఎండనిచ్చి, పంగలకర్రలతో వామువేసెడివారు. వాము వేయుట నేర్పుగల పని. నడుమ ఎత్తుగా నుంచి గట్టిగా త్రొక్కినగాని వాననీరు ప్రక్కలకు జారిపోదు. మోంటానా రాష్ట్రమందలి బిగ్‌హోల్ లోయలో గడ్డిని వాముపైకి చేర్చుటకు దూలములతో ఏటవాలు చట్రమును నిర్మించి, 1910లో పేటెంటు పొందిరి. బీవర్‌స్లైడ్ అను ఈ సాధనమును అచ్చటి కొందరు రైతులు నేటికిని విడువలేదు.

విడిగడ్డి దాచుటకు మంచిదేగాని, దూరము పంపుటకు పనికిరాదు. బండినిండ నింపినను తూగదు. పందొమ్మిదవ శతాబ్దమున నగరములందలి బండ్లను, ట్రాములను గుఱ్ఱములే లాగెడివి. వాటి మేత పల్లెలనుండియే రావలెను. అందుచే గడ్డిని అదిమి కట్టలు చేయు యంత్రములు పుట్టినవి. అవి ఒక్కచోటనే నిలిచి యుండెడివి. గడ్డిని వాటి కడకు మోసుకొనిపోయి, కట్టకు తీగెను చేతితోనే ముడివేసెడివారు. తరువాత పొలములో కదలుచు గడ్డి నేరుకొను యంత్రములు వచ్చినను, వెనుక ఇద్దరు మనుష్యులు దుమ్ములో కూర్చుండి ముడులు వేయవలసియే వచ్చెను.

చిక్కంతయు ఆ ముడియందే యున్నది. పైరుకోసి పనలు కట్టు యంత్రమునకై జాన్ ఆపిల్‌బీ యను అమెరికా దేశీయుడు అంతకుముందే, 1878లో, పురిముడి సాధనమునకు పేటెంటు పొందియుండెను. అందు పక్షిముక్కువంటి కొక్కెమొకటి గిఱ్ఱున తిరిగి, పురికొసలను తనచుట్టు చుట్టుకొనును. వెంటనే నోరు తెరచి కొసలను పట్టుకొనును. చుట్టు దానిపైనుండి జారగానే ముడి బిగియును. ఈ ఉపాయమును పెన్సిల్వేనియా వాసియగు ఎడ్విన్ నోల్ట్ 1930ల దశకములో గడ్డికట్టల యంత్రమునకు చక్కగా అమర్చెను. 1940 నుండి న్యూహాలండ్ సంస్థ దానిని తయారుచేసి అమ్మసాగెను. ముడివేయువారి పని తీరిపోయెను.

మోయువారి పని మాత్రము తీరలేదు. 20, 30 కిలోల కట్టలను వందలకొలది బండికెత్తి, ఉక్కగానుండు అటకలపై పేర్చుట సామాన్యమా! 1971లో అయోవా రాష్ట్రమున గ్యారీ వెర్మీర్ గడ్డిని చాపవలె చుట్టి పెద్ద గుండ్రని కట్టగా చేయు యంత్రమును నిర్మించెను. అట్టి కట్ట వందల కిలోలు తూగును. ట్రాక్టరుకు అమర్చిన ఇనుపకొమ్ము తప్ప దానిని మనుష్యులెత్తలేరు. దాని గుండ్రని వీపుపై వాననీరు కొంతవరకు జారిపోవును. పాత వాము గుణమే యిది! నేడు తెలుగు పల్లెలలోను కోతయంత్రములు విడిచిన వరిగడ్డిని ట్రాక్టరు వెనుక బేలరులు కట్టలుగా చుట్టుచున్నవి.

ఇన్ని మార్పులు వచ్చినను తేమ భయము మాత్రము పోలేదు. గట్టిగా అదిమిన కట్టలోనుండి వేడి సులభముగా వెలికి రాదు. అందుచే రైతులు తేమకొలుచు కడ్డీని కట్టలోనికి గ్రుచ్చి చూతురు. కొట్టమున పేర్చిన పిమ్మటను తొలి ఆరు వారములు వేడి పుట్టినదేమోయని పరీక్షించుచునే యుందురు.