నీరటి లేని తూము

1856లో మిథున రాశిలోని యు జెమినోరమ్ అనే తార ఉన్నట్టుండి వెలిగి, మళ్లీ మసకబారడం నార్మన్ పోగ్సన్ చూశాడు. 1860లో ఎం80 తారాగుచ్ఛంలో మరో కొత్త మెరుపు చూశాడు. మరుసటి ఏడు మద్రాసు వేధశాలకు వచ్చి, 1891లో కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయాడు. మొదటిది మరుగుజ్జు నోవా, రెండోది అసలు నోవా. వాటి చుట్టరికం ఆయనకు తెలిసే వీలే లేదు.

రెండిట్లోనూ ఉన్నది జంట తారలే. ఒకటి భూమంత పరిమాణానికి కుదించుకుపోయిన శ్వేత కుబ్జం, పక్కన మామూలు తార. యు జెమినోరమ్‌లో ఆ రెండూ నాలుగుంపావు గంటల్లో ఒక చుట్టు చుట్టేస్తాయి. మామూలు తార నుంచి జారిన హైడ్రోజన్ నేరుగా కుబ్జం మీద పడదు. దాని చుట్టూ తిరిగే పళ్లెంలా పోగవుతుంది.

ఆ పళ్లెం ఎలా పనిచేస్తుందో నకిరేకల్ రైతుకు చెప్పడం తేలిక. అదొక చెరువు. వాయువు చల్లగా ఉన్నన్నాళ్లూ లోపలికి జారేది తక్కువ, వచ్చి చేరేది ఎక్కువ. నిండేకొద్దీ వేడెక్కుతుంది. కొన్ని వేల డిగ్రీలు దాటాక హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అప్పుడు వాయువు వేడిని బయటికి పోనివ్వదు, ఇంకా కాగుతుంది, పొరల మధ్య రాపిడి పెరుగుతుంది, సరుకంతా కుబ్జం వైపు దూకుతుంది. ఆ దూకుడే మనకు వెలుగు, అదే మరుగుజ్జు నోవా. చెరువు తగ్గగానే వాయువు చల్లారి, తూము దానంతటదే మూసుకుంటుంది. మన చెరువుకు నీరటి కావాలి. ఇక్కడ తీసేదీ వేసేదీ హైడ్రోజనే!

దీన్ని 1974లో జపాన్‌కు చెందిన ఒసాకి చెప్పాడు. కాదు, పక్కనున్న మామూలు తారే ఉండుండి ఎక్కువ సరుకు వదులుతోందన్నాడు ఇంగ్లండుకు చెందిన బాత్. గొడవ చాన్నాళ్లు నడిచింది. ఒకసారి ఒసాకి పక్షం ఓడినంత పనయింది: హబుల్ టెలిస్కోపు కొలతలో ఎస్ఎస్ సిగ్ని అనే మరుగుజ్జు నోవా 540 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నట్టు తేలింది. అంత దూరాన ఉంటే దాని వెలుగుకు తూము లెక్క సరిపోదు. 2013లో రేడియో టెలిస్కోపులతో కొలిస్తే 370 దగ్గరే తేలింది. తూము నిలబడింది.

ఇక పళ్లెం నుంచి దిగిన హైడ్రోజన్ ఎటు పోతుంది? కుబ్జం మీదే పొరలుగా పేరుకుంటుంది. అక్కడ అది ఎంత నొక్కుకుపోతుందంటే, వేడెక్కినా వ్యాకోచించి చల్లబడలేదు. విజిల్ లేని కుక్కర్ అన్నమాట. వేల ఏళ్లకు అడుగున కేంద్రక సంలీనం అంటుకుని పొర మొత్తం ఎగిరిపోతుంది. అదే నోవా. కుబ్జానికి ఏమీ కాదు, మళ్లీ పోగుచేయడం మొదలు.

అంటే నోవాకు ముందూ వెనకా అదే జంట మరుగుజ్జు నోవాగా కనిపించవచ్చు. సాక్ష్యాలూ దొరికాయి. జెడ్ కామెలోపార్డలిస్ అనే మరుగుజ్జు నోవా చుట్టూ పాత పేలుడు చిమ్మిన గుల్లను 2007లో ప్రకటించారు. 1437లో కొరియా జ్యోతిష్కులు రాసిపెట్టిన నోవా 20వ శతాబ్దపు ఫొటో ప్లేట్లలో మరుగుజ్జుగా దొరికింది. హైదరాబాద్‌లో నిజామియా వేధశాల పుట్టిన 1901లోనే పేలిన జీకే పెర్సీ, ఇప్పుడు సుమారు మూడేళ్లకోసారి చిన్నగా వెలుగుతోంది.

దసరా రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి నకిరేకల్ నుంచి ఉత్తరాన బాగా ఎత్తున చూస్తే హంస రాశి అంచులో ఎస్ఎస్ సిగ్ని ఉంటుంది. సుమారు యాభై రోజులకోసారి దాని తూము తెరుచుకుంటుంది. ఆ కొన్ని రోజులూ బైనాక్యులర్ చాలు.