హగరి ఇసుకలో మా బండ్లు

ఆంధ్రాలో ఇసుక ఎడారి ఉందంటే మా టీమ్‌లో ఒక్కరూ నమ్మలేదు. ఫొటో చూపిస్తే "ఇది జైసల్మేర్ కదా, ఎప్పుడెళ్లావ్?" అన్నారు. జైసల్మేర్ కాదు బాబూ, మా అనంతపురం జిల్లా, కణేకల్లు దగ్గర అంటే నవ్వారు. రాయలసీమ అంటే వాళ్లకు తెలిసింది సినిమాల్లో ఎగిరే సుమోలు మాత్రమే.

నేను పుట్టింది అనంతపురంలో. ఇంజినీరింగ్ కూడా అక్కడే, జేఎన్‌టీయూలో. ఇప్పుడు బెంగళూరులో కోడ్ రాసుకుంటూ, రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎక్స్‌పల్స్ 200 మీద శని ఆదివారాలు మట్టి దారులు పట్టి తిరుగుతుంటాను. ఆఫీసులో ఇంకో ముగ్గురికి ఇదే పిచ్చి. ముందు మా ప్లాన్ రాజస్థాన్. బండ్లు రైల్లో వేయాలి, పది రోజులు సెలవు కావాలి, తలా నలభై వేలు ఖర్చు. లెక్కలు వేసేసరికి ఉత్సాహం చల్లారింది. అప్పుడు గుర్తొచ్చాయి నాకు ఆ దిబ్బలు. చిన్నప్పుడు ఎవరిదో పెళ్లికి బస్సులో బొమ్మనహాళ్ వైపు పోతుంటే కిటికీలోంచి చూశాను. రోడ్డుకు ఒక పక్క పచ్చగా వరి, ఇంకో పక్క తెల్లగా ఇసుక గుట్టలు. మా అవ్వ "అది హగరి ఇసక, గాలికి నడిచొస్తాది" అంది. ఇసుక నడవడమేంటని ఆ రోజంతా నవ్వుకున్నాను.

జనవరిలో ఒక శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. 44వ నంబరు హైవే మీద అనంతపురం, అక్కడి నుంచి కళ్యాణదుర్గం, బెళుగుప్ప. సుమారు మూడు వందల కిలోమీటర్లు. కళ్యాణదుర్గంలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బెంగళూరు మిత్రులు రెండో ప్లేటు అడిగారంటే మా జిల్లాకు తొలి మార్కులు పడ్డట్టే. అక్కడి నుంచి దారి పొడవునా గాలిమరలు. ఇన్నేసి మరలు ఇక్కడే ఎందుకు పెట్టారో అప్పుడు ఆలోచించలేదు. ఆ గాలికీ ఇసుకకూ ఉన్న సంబంధం సాయంత్రానికి తెలిసొచ్చింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అనంతపురమని మేం బడిలో చదువుకున్నాం, ఇప్పటికీ పేపర్లలో రాస్తుంటారు. పడమటి కనుమలు నైరుతి మేఘాన్ని ఆపేస్తాయి, ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికొచ్చేసరికి అలిసిపోతాయి. కానీ జైసల్మేర్‌లో ఏడాదికి పడేది రెండు వందల మిల్లీమీటర్ల చుట్టుపక్కల, మనకు 550 దాకా. వేరుశనగ పండే నేలను థార్ ఎడారితో ఒకే గాట కట్టడం నాకు నచ్చదు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో, దర్గా హొన్నూరు చుట్టుపక్కల కనిపించే దిబ్బలు వాన లేక పుట్టినవి కావు. వాటిని తెచ్చింది నది.

ఆ నది వేదావతి. ఇక్కడివాళ్లకు హగరి. కర్ణాటకలో చిక్కమగళూరు కొండల్లో పుట్టి, హిరియూరు దగ్గర 1907లో పూర్తయిన వాణీ విలాస సాగర్ దాటి, మన గుమ్మఘట్ట మండలంలో భైరవానితిప్ప ప్రాజెక్టు దాటి ఇటొస్తుంది. రావాలి మరి. వాణీ విలాస సాగర్ 1933లో నిండి పొర్లితే, మళ్లీ పొర్లింది 2022లో. అంటే 89 ఏళ్లు! నీళ్లు రాని నదిలో మిగిలేది ఇసుకే. వరదలున్న కాలంలో తెచ్చి పరిచిన ఇసుక అంతా ఎండకు పొడిపొడిగా ఎండి పడి ఉంటుంది. జూన్ నుంచి నైరుతి గాలి మొదలైతే దాన్ని ఎత్తి ఒడ్డు దాటించి పొలాల్లో పోస్తుంది. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం దాటితే చాలు, రేణువులు గెంతడం మొదలుపెడతాయి. ఒక రేణువు ఎగిరి పడి, పడిన చోట ఇంకో నాలుగింటిని లేపుతుంది. మా అవ్వ చెప్పిన నడక అదే.

ఇంతకీ బండ్ల సంగతి. ఇసుకలో బండి తోలడం రోడ్డు మీద నేర్చుకున్నదంతా మర్చిపోవడం. రోడ్డు మీద 25, 30 పీఎస్‌ఐ ఉండే టైరు గాలిని 16కు దించాలి. టైరు కొంచెం చదునై, ఇసుక మీద తేలుతుంది. ఇంకా దించితే రిమ్ములో ట్యూబు తిరిగి వాల్వు తెగుతుంది. ఫుట్‌పెగ్‌ల మీద లేచి నిలబడాలి, బరువు వెనక్కి వేయాలి, చూపు ముప్పై అడుగుల ముందుండాలి. ముందు చక్రం పాములా మెలికలు తిరుగుతుంటే దాన్ని పట్టి ఆపాలనిపిస్తుంది. ఆపకూడదు, వదిలేయాలి. భయమేసినప్పుడు చెయ్యి యాక్సిలరేటర్ తగ్గిస్తుంది. తగ్గించామా, ముందు చక్రం దిగబడుతుంది, మనం హ్యాండిల్ మీంచి అవతల పడతాం. భయమేసినప్పుడే కాస్త పెంచాలి. ఇది చదివితే వచ్చే విద్య కాదు. మొదటి గంటలో నేను ఏడు సార్లు పడ్డాను. ఇసుకే కాబట్టి దెబ్బలు తగల్లేదు గానీ, నూట యాభై కిలోల పైబడిన బండిని ఏడు సార్లు లేపాక నడుము అనేది ఒకటుందని తెలిసింది.

టైరు గాలి తగ్గించే కిటుకు ఎక్కడిదో తెలుసా? 1920ల్లో ఈజిప్టులో పనిచేసిన బ్రిటిష్ సైన్యం ఇంజినీరు రాల్ఫ్ బాగ్నోల్డ్ సెలవుల్లో స్నేహితులతో ఫోర్డు కార్లేసుకుని లిబియా ఎడారిలోకి పోయేవాడు. అంటే మాలాంటివాడే! కారు దిగబడటం, తవ్వుకోవడం, టైర్ల గాలి తీయడం, రేకుల పలకలు పరిచి ఎక్కించడం. అలా తిరిగి తిరిగి అతనికి అసలు ఇసుక ఎలా కదులుతుందన్న పురుగు తొలిచింది. ఇంటికెళ్లి గాలి సొరంగం కట్టుకుని ప్రయోగాలు చేసి 1941లో ఒక పుస్తకం వేశాడు. ఎగిరే ఇసుక భౌతికశాస్త్రానికి ఇప్పటికీ అదే మూలం. సరదాకి తిరిగినవాడు శాస్త్రం రాశాడు. మేం సరదాకి తిరిగి ఏం చేశామో చూడండి.

దిబ్బకు రెండు ముఖాలుంటాయి. గాలి వచ్చే వైపు వాలుగా, గట్టిగా ఉంటుంది, బండి సులువుగా ఎక్కుతుంది. అవతలి వైపు నిట్టనిలువుగా, మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఆ గట్టి వైపు నుంచి మూడో గేరులో ఎక్కాను. శిఖరం మీద అవతల ఏముందో చూడకుండా దూకకూడదన్నది మొదటి పాఠం. నేను దూకాను. వెనక మిత్రుడు ఫోనులో వీడియో తీస్తున్నాడు మరి. అవతల ఇసుకలో ఎండు కంప వరుసగా పాతి ఉంది. అడవిలో ఎవరో నరికి పారేసిన కంప అనుకున్నాను, అనుకునే లోపే దాని మధ్యనుంచి దూసుకుపోయాను. పది పదిహేను అడుగుల వరుస చక్రానికి చుట్టుకుని వచ్చేసింది. కింద ఆగేసరికి ముందు టైరు చప్పగా కూర్చుంది. సర్కారు తుమ్మ ముల్లు, అంగుళంన్నర పొడవు.

ట్యూబు విప్పుతుంటే తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దాయన చెంబుతో నీళ్లు తెచ్చాడు. నలుగురం తాగేదాకా మాట్లాడలేదు.

"ఏమప్పా, ఆట అయిపాయనా?" అన్నాడు.

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఆ కంప యాల నాటిండానో తెలుసునా?"

"ఊరికే పడేసినారేమో అనుకున్నాం తాతా."

"ఊరికే ఎవురన్నా ఎండలో కంప మోస్తారా అబ్బీ? మూడెకరాలు నాది. ఎకరా పైన ఇసక కిందకి పాయ. మిగిలింది పోకుండా నాలుగు సాళ్లు కట్టినా. ఒగ సాలు నువ్వు ఎత్తకపోతివి."

నేను నిలబడి ఉన్న చోటే ఆయన పొలం. నా బూట్ల కింద ఎక్కడో ఆరడుగుల లోతులో, ఒకప్పుడు వేరుశనగ వేసిన మట్టి. పాసుపుస్తకంలో మూడెకరాలూ ఇప్పటికీ ఉన్నాయట. "కాయితానికి ఇసక పట్టదు కదప్పా" అన్నాడు. ఈ మాటకి మాత్రం తనే చిన్నగా నవ్వాడు.

డబ్బులిద్దామని పర్సు తీశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, తీశాను. ఆయన దాని వైపు చూడలేదు. "దుడ్డు నిలబడతాదా గాలికి?" అని పొలం గట్టున పడి ఉన్న పంగలకర్ర తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం అలా గడిచింది. వాగు పక్క కంపచెట్లు కొట్టి, పంగలకర్రతో నెట్టుకుంటూ దిబ్బ పైకి చేర్చి, అడుగు లోతు తవ్వి పాతాం. ఇసుక గాడి అంటే మీరు తవ్వుతుంటే అది పూడుతుంటుంది. మా నలుగురికీ మూడు గంటలు పట్టింది ఇరవై అడుగులకు. ఆయన ఒక్కడే నాలుగు సాళ్లు ఎన్నాళ్లకు కట్టాడో అడగలేదు.

మోకాలెత్తు ఎండు కంప అంత ఇసుకను ఆపుతుందా? గాలిని పూర్తిగా ఆపనక్కర్లేదు, నేల దగ్గర కాస్త మందగింపజేస్తే రేణువులు అక్కడే రాలిపోతాయి. జోధ్‌పూర్‌లో 1952లో ఎడారి వనీకరణ కేంద్రంగా మొదలై, 1959లో కాజ్రీగా మారిన సంస్థ రాజస్థాన్ దిబ్బలను నిలిపింది ఈ పద్ధతిలోనే. ముందు గాలికి అడ్డంగా ఎండు కంప వరుసలు, వాటి చాటున గడ్డి, తర్వాత చెట్లు. గడ్డి వేళ్లు పట్టుకునేదాకా పశువును గానీ బండిని గానీ రానివ్వకూడదు. మా పెద్దాయన జోధ్‌పూర్ పేరు విన్నాడో లేదో నాకు తెలీదు. సాళ్ల మధ్య అక్కడక్కడా మొలిచిన గడ్డి దుబ్బులు మాత్రం చూపించాడు. వాటిలో రెండింటి మీద మా టైర్ల గుర్తులున్నాయి.

"ఇంత ఇసుక ఉంటే అమ్ముకోవచ్చు కదా, బయట ట్రాక్టరు రేటు తెలుసా?" అని మావాడొకడు అన్నాడు. ఊళ్లో అందరూ అడిగే ప్రశ్నేనట. గాలి జల్లెడ పట్టి తెచ్చే ఇసుక సన్నగా, గుండ్రంగా ఉంటుంది, సిమెంటును సరిగా పట్టుకోదు. స్లాబుకు కావలసిన గరుకు ఇసుక నదిలో ఉంటుంది. తోలుకుపోయేవాళ్లు దానికోసమే వస్తారు, దీన్ని ఎవరూ ముట్టరు. ముట్టినా పర్మిట్లు, కేసులు.

ఇసుకలో బండి తోలాలన్న కోరిక తప్పని నేననను. ఆ రోజు ఉదయం, పడి లేచిన ఎనిమిదోసారి, దిబ్బ వీపు మీద బండి అలా తేలిపోయినప్పుడు కలిగిన ఆనందం అబద్ధం కాదు. బెంగళూరు కుర్రాడు సి.ఎస్. సంతోష్ 2015లో డాకర్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు, 2024లో కేరళవాడు హరిత్ నోవా అదే ర్యాలీలో ర్యాలీ 2 క్లాసు గెలిచాడు. వాళ్లను చూసి మాలాంటివాళ్లం వేలమంది బండ్లు కొన్నాం. ఎక్కడ తోలాలన్నదే అడగలేదు. హగరిలో ఎండిన నదీగర్భం కిలోమీటర్ల కొద్దీ ఉంది, అక్కడ ఎవరి పొలమూ పూడదు. కోలారు దగ్గర సంతోష్ పెట్టిన డర్ట్ పార్కు ఉంది. ఒడ్డు దాటి పొలాల మీదికొచ్చిన దిబ్బలు వేరు. చూడ్డానికి ఎవరిదీ కాని భూమిలా ఉంటాయి, అదే చిక్కు. కంప, గడ్డి దుబ్బు, పాత గట్టు ఆనవాలు, ఏది కనిపించినా బండి ఆపేయండి. ఇంకా మంచిది, ముందే ఊళ్లోకి వెళ్లి అడగండి. టీ కూడా దొరుకుతుంది.

ఆ వీడియో ఎక్కడా పెట్టలేదు. మిత్రుడి ఫోనులో ఉంది, పదకొండు సెకన్లు. ఎనిమిదో సెకనులో కంప ఎగిరి పడటం స్పష్టంగా కనిపిస్తుంది.

జూలై రెండో వారంలో పెద్దాయన మనవడి నంబరు నుంచి ఫోనొచ్చింది. వెనకాల గాలి హోరు. ఆషాఢం గాలి.

"మీరు కట్టిన సాలు పడిపాయప్పా" అన్నాడు, ముందు అదే. "లోతు సాల్లేదు. నేను కట్టినవి మూడూ నిలబడుండాయి."

"మరి ఇసక?"

"వస్తాండాది. మీ సందులోంచే వస్తాండాది."

శనివారం పోతున్నాం. ఈసారి రెండు పారలు, ఒక గడ్డపార, చేతులకు తోలు గ్లౌజులు. బండ్లు ఊళ్లో రచ్చబండ దగ్గర పెట్టి నడిచి రమ్మన్నాడు. రెండడుగుల లోతు తవ్వాలట.