వాతావరణ బులెటిన్‌లోని ఇంగ్లీషు

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే అయినా, పుదుచ్చేరి పట్టణానికి వందల కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉంది. అక్కడి నుంచి పై చదువులకు పుదుచ్చేరి వచ్చిన ఒక విద్యార్థి, ముసురు పట్టిన రోజున తడుస్తూ నా తరగతికి వచ్చి, "సార్, టుడే క్లైమేట్ ఈజ్ వెరీ బ్యాడ్" అన్నాడు. నవ్వకండి. ఈ మాట మనలో చాలామంది అనేదే.

ఈ పొరపాటు ఎక్కడ పుట్టిందో చూద్దాం. భూమిని ఆవరించి ఉన్న గాలిని మనం వాతావరణం అంటాం. ఇంగ్లీషులో అది అట్మాస్ఫియర్. ఈ రోజు ఎండగా ఉందా, మబ్బు పట్టిందా అని చెప్పడానికీ వాతావరణం అనే అంటాం. అది వెదర్. పత్రికల్లో క్లైమేట్ చేంజ్‌ను వాతావరణ మార్పు అని రాస్తారు. అంటే మూడు ఇంగ్లీషు మాటలకు మన దగ్గర వాడుకలో ఉన్నది ఒక్కటే మాట. క్లైమేట్‌కు శీతోష్ణస్థితి అనే మంచి మాట పాఠ్యపుస్తకాల్లో ఉంది కానీ, పరీక్ష అయిపోగానే దాన్ని అక్కడే వదిలేసి వస్తాం.

వెదర్ అంటే ఈ గంటలో, ఈ రోజున, ఈ చోట గాలి, వాన, ఎండ ఎలా ఉన్నాయనేది. క్లైమేట్ అంటే ఒక ప్రాంతంలో ఏళ్ల తరబడి వాటి తీరు. ఆ తీరును లెక్కకట్టడానికి ప్రపంచ వాతావరణ సంస్థ 30 ఏళ్ల సగటును ప్రమాణంగా పెట్టుకుంది. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 వరకు ఉన్న సగటు. యానాంలో జూన్ నుంచే నైరుతి వానలు మొదలవుతాయి. పుదుచ్చేరిలో ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్య, ఈశాన్య ఋతుపవనాల కాలంలో కురుస్తుంది. ఇది క్లైమేట్. మన విద్యార్థిని తడిపింది మాత్రం వెదర్. అతను "ది వెదర్ ఈజ్ బ్యాడ్ టుడే" అనాల్సింది.

మాన్‌సూన్ అనే మాటను కూడా చాలామంది వాన అనుకుంటారు. ఋతువును తెలిపే మౌసిమ్ అనే అరబ్బీ మాట నుంచి అది వచ్చింది. ఇక్కడ మన తెలుగే మేలు. ఋతుపవనం అన్నప్పుడు ఋతువూ, గాలీ రెండూ మాటలోనే కనిపిస్తాయి. ఆ గాలికి అది వచ్చే దిక్కును బట్టే పేరు పెడతారు, వెళ్లే దిక్కును బట్టి కాదు.

ఇక బులెటిన్‌కు వద్దాం. ఇక్కడ మాట తప్పుగా అర్థమైతే పోయేది మార్కులు మాత్రమే కాదు.

నిఘంటువులో డిప్రెషన్ అనే మాట చూస్తే దిగులు, కుంగుబాటు అని ఉంటుంది. తుపాను బులెటిన్‌లో అది వాయుగుండం. సముద్రం మీద అల్పపీడనం బలపడి, దాని గాలుల వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం అంటారు. దాదాపు 50కి చేరితే డీప్ డిప్రెషన్, అంటే తీవ్ర వాయుగుండం. 62కు చేరితే సైక్లోన్, అంటే తుపాను. సైక్లోన్ అనే ఇంగ్లీషు మాట మన దేశంలోనే పుట్టింది. కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ 1840లలో, పాము చుట్టను తలపించే గ్రీకు మాట నుంచి దాన్ని తయారు చేశాడు.

ఈ మెట్లన్నీ గాలి వేగాన్ని బట్టే కట్టారు. వాన ఎంత పడుతుందన్నది వీటిలో ఎక్కడా లేదు. ఇది గుర్తుంచుకుని 2024 నాటి ఫెంగల్ తుపానును చూడండి. నవంబర్ 30 రాత్రి అది పుదుచ్చేరి దగ్గర ల్యాండ్‌ఫాల్ చేసింది. ల్యాండ్‌ఫాల్ అంటే నేల కూలడం కాదు, తుపాను కేంద్రం తీరాన్ని దాటడం. ఆ తర్వాత బులెటిన్లలో 'ప్రాక్టికల్లీ స్టేషనరీ' అనే మాట వచ్చింది. దాదాపు కదలకుండా ఉంది అని అర్థం. వినడానికి ఎంత నెమ్మదైన మాట! తుపాను ఆగిపోయిందట, ఇక భయం లేదు అనిపిస్తుంది. నిజానికి ఆ రోజు బులెటిన్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట అదే. కదిలే తుపాను తన వానను దారి పొడవునా పంచుకుంటూ పోతుంది. కదలనిది ఒకే చోట కుమ్మరిస్తుంది. డిసెంబర్ 1 ఉదయం 8:30తో ముగిసిన 24 గంటల్లో పుదుచ్చేరిలో 46 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. పట్టణంలో ఏడాది మొత్తానికి పడేది సుమారు 130 సెంటీమీటర్లు. వీధుల్లో చిక్కుకున్న వాళ్లను బయటికి తేవడానికి సైన్యం రావలసి వచ్చింది.

ఆ తర్వాత 'వీకెండ్' అనే మాట వచ్చింది. ఇది శనాదివారాల వీకెండ్ కాదు, బలహీనపడింది అని అర్థం. దేని బలం తగ్గింది? గాలి బలం. తుపాను వాయుగుండంగా మారి లోపలికి వెళ్లాక, తీరానికి ఎంతో దూరాన కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన పడింది.

ఇలాంటిదే 'ఐసొలేటెడ్' అనే మాట. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా, ఒకటి రెండు చోట్లే వాన పడుతుందని దీని అర్థం. చాలామంది దీన్ని చిన్న వాన అనుకుంటారు. ఐసొలేటెడ్ చెప్పేది ఎన్ని చోట్ల అన్నదే. ఎంత వాన అన్నది పక్కనున్న మాట చెబుతుంది. అక్కడ 'ఎక్స్‌ట్రీమ్లీ హెవీ' అని ఉంటే, 24 గంటల్లో 204.5 మిల్లీమీటర్లు గానీ, అంతకు మించి గానీ అని లెక్క. ఆ ఒకటి రెండు చోట్లలో మన వీధి ఉండకూడదని ఏమీ లేదు కదా!

స్టార్మ్ సర్జ్ అనే మాట దగ్గర తెలుగువాడికి నిఘంటువు అక్కర్లేదు. అది ఉప్పెన. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచి, పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది అదే. 2013 నవంబరులో హైయాన్ తుపాను వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్ నగర ప్రజలకు హెచ్చరిక ముందే అందింది. అందులో స్టార్మ్ సర్జ్ అనే ఉంది. ఆ మాట చాలామందికి అర్థం కాలేదు. సునామీ లాంటిది వస్తుందని చెప్పి ఉంటే పారిపోయేవాళ్లమని బతికి బయటపడిన వాళ్లు తర్వాత చెప్పారు. హెచ్చరిక చేరినా అర్థం చేరలేదు.

ఇప్పుడు ఒక వాక్యం ఇస్తాను. "స్టార్మ్ సర్జ్ ఆఫ్ ఎబౌట్ వన్ మీటర్ ఎబవ్ ఆస్ట్రనామికల్ టైడ్." ఇందులో ఆస్ట్రనామికల్ టైడ్ అంటే చంద్రుడు, సూర్యుడి ఆకర్షణ వల్ల సముద్రానికి రోజూ వచ్చే ఆటుపోటు. అంటే ఆ సమయానికి మామూలుగా ఉండే నీటిమట్టం మీద ఉప్పెన ఇంకో మీటరు లేస్తుందన్నమాట. ఈ వాక్యాన్ని ఇంగ్లీషు రాని మీ అమ్మమ్మకు గానీ, పక్కింటి తాతకు గానీ అర్థమయ్యేలా తెలుగులో రాయండి. రాశాక వాళ్లకు చదివి వినిపించి, అలాంటి కబురు వస్తే ఎప్పుడు, ఎక్కడికి వెళతారో అడగండి. వాళ్లు చెప్పే జవాబును మీ వాక్యం కిందే రాసుకుని తరగతికి తీసుకురండి.